పాచిక ఉన్నచోటల్లా పందెం ఉండదండీ, ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఫోన్ ఆటల మీద వచ్చిన కథనం గురించి ఈ ఉత్తరం. నిజానికి నేను చదవలేదు, మా అమ్మ చదివి వినిపించింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని, పాచికలాట ప్రస్తావన వచ్చిన పేరా రెండుసార్లు చదివి, "ఒరేయ్, రాత్రి పదకొండింటికి దుప్పట్లో దూరి నువ్వాడేది ఇదే కదూ?" అంది. నాకు నలభై ఒక్కటి. తణుకు దగ్గర రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఆ వయసులో ఆ చూపు పడాల్సి వచ్చినందుకు మీ మీద నాకు కాస్త కోపంగానే ఉంది, ముందే చెప్పేస్తున్నా.

కథనంలో బెట్టింగ్ యాప్‌ల గురించి రాసిందంతా నిజమే, ఒక్క ముక్క కాదనను. కానీ మధ్యలో ఒక పేరాలో రంగు చెప్పి డబ్బు గెలుచుకోమనే యాప్‌లనీ, ఆన్‌లైన్ పేకాటనీ, పాచికలతో నేలమాళిగల్లో రాక్షసుల్ని కొట్టుకుంటూ పోయే ఆటల్నీ ఒకే తాడుకి కట్టేశారు. చివరి రకం ఆటే నేనాడేది. దాని పేరు డైసీ డంజియన్స్. పేకముక్క కనిపిస్తే జూదం, పాచిక కనిపిస్తే మాయాజూదం అనుకుంటే ఎలాగండీ?

ముందు ఆ ఆట ఏంటో చెప్తాను, రాసినాయన ఆడి ఉండరని నా అనుమానం. ఐర్లాండుకు చెందిన టెర్రీ కావనా అనే ఆయన తయారు చేశారు. ఏడు రోజుల్లో ఒక ఆట తయారు చెయ్యాలని ఏటా కొందరు పెట్టుకునే సరదా పోటీ ఒకటుంది, 2018లో దానికోసం మొదటి రూపం చేసి, పూర్తి ఆటని 2019 ఆగస్టులో కంప్యూటర్లకి, 2022లో ఫోన్లకి విడుదల చేశారు. కథ సరదాగా ఉంటుంది. లేడీ లక్ అనే ఆవిడ, అంటే మన అదృష్టదేవత అనుకోండి, ఒక టీవీ షో నడుపుతుంటుంది. బహుమతి మీద ఆశతో వచ్చినవాళ్లని నడిచే పాచికలుగా మార్చేసి నేలమాళిగలోకి తోలేస్తుంది. యోధుడు, దొంగ, రోబో, మంత్రగత్తె ఇలా ఆరుగురు. అంతస్తు తర్వాత అంతస్తు దాటి, ఆఖరివాణ్ణి ఓడించి పైకొస్తే చక్రం తిప్పుతుంది. కోరుకున్నది మాత్రం చేతికి రాదు! అదృష్టాన్ని నమ్ముకుని వచ్చినవాణ్ణి నిర్వాహకులు ఎలా మోసం చేస్తారన్నదే ఆ ఆట కథంతా. దాన్ని తీసుకెళ్లి బెట్టింగ్ యాప్‌ల పక్కన కూర్చోబెట్టారు మీరు.

ఇక అసలు విషయం. పందెం ముందా, పాచిక ముందా? నా ఉత్తరమంతా ఈ ఒక్క ప్రశ్నేనండి.

సంక్రాంతికి మా వైపు కోడిపందేల బరుల పక్కన టెంట్లు వేసి గుండాట ఆడిస్తారు, మీ విలేకరులు ఏటా ఫోటోలతో సహా రాస్తూనే ఉంటారు. బొమ్మలు గీసిన పట్టా పరుస్తారు. ఎవరికి తోచిన బొమ్మ మీద వాళ్లు నోట్లు పెడతారు. అప్పుడు ఆడించేవాడు డబ్బాలో పాచికలు గిలకొట్టి బోర్లిస్తాడు. నోటు పెట్టేశాక నీ చేతిలో ఇంకేం లేదు, డబ్బా ఎత్తేదాకా ఊపిరి బిగబట్టి నిలబడటమే. మా చిన్న మామయ్య ఒక భోగి రాత్రి ధాన్యం డబ్బు పద్దెనిమిది వేలు అలాగే వదిలించుకుని, తెల్లారి భోగిమంట దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు. అత్తయ్య ఆ ఏడాది పండక్కి మా ఇంటికి రాలేదు. కాబట్టి జూదం అంటే ఏంటో మా ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

నేనాడే ఆటలో ముందు పాచికలు పడతాయి. పడ్డవాటిని చూసుకుని, ఏది ఎక్కడ వాడాలో తీరిగ్గా ఆలోచించుకుంటావు. నీ వంతు నడుస్తున్నంతసేపూ రాక్షసుడు కూడా కదలకుండా నిలబడతాడు, ఫోన్ పక్కన పెట్టి స్నానం చేసి వచ్చినా అక్కడే ఉంటాడు. ఒక్కో ఆయుధానికీ ఒక్కో నియమం. కత్తిలో ఏ పాచికైనా వెయ్యొచ్చు, ఎంత పడితే అంత దెబ్బ. యుద్ధగొడ్డలిలో నాలుగు దాకానే పడుతుంది కానీ దెబ్బ రెండింతలు. బాకు మూడు దాకా పడ్డ పాచికలే తీసుకుంటుంది, కానీ ఒకే వంతులో ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. అంటే మూడు ఒకట్లు పడి నెత్తిన చెయ్యి పెట్టుకునే రోజున కూడా చేతిలో బాకు ఉంటే దారుంటుంది. ఆరు పడితే మంచిది, ఒకటి పడితే చెడ్డది అన్న లెక్క ఇక్కడ చెల్లదు. చేతిలో ఏముందన్న దాన్నిబట్టి ఏ పాచిక మంచిదో మారిపోతుంది.

ఆ ఆదివారం అమ్మ చూపు తట్టుకోలేక, పక్కన కూర్చోబెట్టుకుని ఆడి చూపించాను. ఎదురుగా మంచుబొమ్మ, స్నోమ్యాన్ అంటారే, వాడు. వాడి దెబ్బకి మన పెద్ద పాచిక గడ్డకట్టి ఒకటైపోతుంది. నాకు ఆరు, నాలుగు, ఒకటి పడ్డాయి, ఆరు కాస్తా ఒకటైంది. మిగిలింది నాలుగూ, రెండు ఒకట్లూ. వాడి ప్రాణం ఇంకా తొమ్మిది. నా దగ్గర కత్తి, గొడ్డలి ఉన్నాయి. యోధుడికి పాచికని మళ్లీ వేసుకునే అవకాశం వంతుకి మూడుసార్లు ఉంటుంది. నేను ఆరు కోసం పాచిక తిరగెయ్యబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండరా. ఆ రెండోది రెండింతలు కొడుతుందన్నావు కదా. నాలుగు అందులో పడెయ్, ఎనిమిది. కత్తిలో ఒకటి వెయ్. అయిపోలా?" ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. మంచుబొమ్మ కూలిపోయింది. ఆట ఇంగ్లీషులో ఉంటుంది, అమ్మకి ఇంగ్లీషు రాదు. అంకెలొచ్చు, అష్టాచెమ్మా వచ్చు.

అష్టాచెమ్మా మాట ఎందుకెత్తానంటే, మన ఇళ్లలోనే ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. వైకుంఠపాళిలో నువ్వు చేసేదేం లేదు, పడ్డన్ని గళ్లు నడవాలి, నిచ్చెనొస్తే ఎక్కాలి, పామొస్తే జారాలి. ఐదేళ్ల పిల్లాడూ డెబ్భై ఏళ్ల ముసలావిడా ఒకటే అక్కడ. అష్టాచెమ్మాలో గవ్వలు పడ్డాక ఏ కాయ కదపాలన్నది నీ ఇష్టం. ఇంటికి దగ్గరున్న కాయని పండించుకోవాలా, వెనకున్న దాంతో ఎదుటివాడి కాయని చంపాలా అన్న ఆలోచనలో మా అమ్మమ్మ ఒక్కోసారి ఎంతసేపు కూర్చునేదంటే, పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. అప్పట్లో గవ్వలు దొరక్కపోతే చింతపిక్కల్ని ఒక పక్క అరుగు మీద అరగదీసి తెల్లగా చేసుకునేవాళ్లు. దాన్నెవరూ జూదం అనలేదు మరి.

మీ కథనం ధర్మరాజుతో మొదలైంది. మొదలవ్వకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి, పాచికల గురించి తెలుగులో ఏం రాసినా ఆయన్ని సభలోకి లాగాల్సిందే. కానీ అదే భారతంలో అరణ్యపర్వం దాకా వెళ్లాల్సింది. అన్నీ పోగొట్టుకుని అడవిలో కూర్చున్న ధర్మరాజుకి బృహదశ్వుడనే ముని నలమహారాజు కథ చెప్తాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ఆ నలుడు తర్వాత ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉంటాడు. దారిలో తాండ్రచెట్టు కనిపిస్తే ఋతుపర్ణుడు ఆకులూ కాయలూ ఎన్నున్నాయో చూపుతోనే లెక్కగట్టి చెప్పేస్తాడు. నలుడు నమ్మడు, రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా సరిపోతుంది. ఆ విద్య పేరు అక్షహృదయం, పాచికల లోగుట్టు. గుర్రాల విద్య ఇచ్చి దాన్ని నేర్చుకుంటాడు నలుడు. కథంతా చెప్పి బృహదశ్వుడు ధర్మరాజుకి కూడా అదే విద్య ఇస్తాడు, ఇంకెప్పుడూ పాచికలు ముట్టుకోనని ఒట్టేయమనలేదు. ఆ తర్వాత అజ్ఞాతవాసంలో ఆయన విరాటరాజు కొలువులో కంకుభట్టుగా ఏం చేశాడో మీకు నేను చెప్పాలా. రాజుగారితో పాచికలాడాడు!

ఆ లోగుట్టు కొంచెం మా అమ్మకీ తగిలింది. ఇంకో ఆటలో ఆరు పడితే తప్ప బతకని పరిస్థితి వచ్చింది, మూడుసార్లు వేసుకునే వీలుంది. "మూడుసార్లంటే సగానికి సగం అవకాశం ఉన్నట్టేగా, వెయ్" అంది. ఆరు ముఖాల్లో ఒకటి, మూడుసార్లు, కాబట్టి మూడు బై ఆరు అని ఆవిడ లెక్క. మనందరి లెక్కా అదే. నేను పేపరు వెనక రాసి చూపించాను: ఒకసారి ఆరు పడకపోయే అవకాశం ఐదు బై ఆరు, మూడుసార్లూ పడకపోవడం అంటే 216లో 125. పడే అవకాశం 216లో 91, నూటికి నలభై రెండు. ఈ ఎనిమిది తేడాలోనే గుండాట వాళ్లు బతుకుతారేమో అనిపించింది నాకు. అమ్మ ఆ కాగితం చూసి, "మీ మామయ్యకి చూపించాల్సింది ఇది, అప్పుడు" అంది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఆరు పడలేదు లెండి, చచ్చాం.

చావు అంటే గుర్తొచ్చింది. ఇలాంటి ఆటల్ని రోగ్‌లైక్ అంటారు. 1980లో కాలిఫోర్నియాలో విశ్వవిద్యాలయ కుర్రాళ్లు రాసిన రోగ్ అనే ఆట పేరు మీద వచ్చిన మాట అది. బొమ్మలే లేవు అందులో, తెరంతా అక్షరాలు. ఏ నుంచి జెడ్ దాకా ఇరవై ఆరు అక్షరాలూ ఇరవై ఆరు రకాల రాక్షసులు, మన ఈమెయిల్‌లో ఉండే ఎట్ గుర్తే కథానాయకుడు. ఆడిన ప్రతిసారీ నేలమాళిగ కొత్తగా తయారవుతుంది, చస్తే మళ్లీ మొదటి నుంచే. డైసీ డంజియన్స్ కూడా అంతే. చచ్చిన చోట లేచి నిలబడటానికి డబ్బు కట్టే బటన్ ఉండదు. నేను ఒక్కసారి కొన్నాను, ఆ తర్వాత అది నన్ను రూపాయి అడగలేదు. మీరు తిట్టిన యాప్‌లు ఓడిపోయినవాణ్ణి ఏమడుగుతాయో మీరే రాశారు కదా, ఇంకో ఐదొందలు వెయ్యమని.

చట్టం సంగతీ రాశారు కాబట్టి ఒక మాట. 1967లో సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటగా చూసింది. ఏళ్ల తరబడి ఆన్‌లైన్ పేకాట కంపెనీలు ఆ మాటనే పట్టుకుని నడిచాయి. వాటిని ఆపడానికి 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలు మార్చుకున్నాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అనే గొడవే పక్కన పెట్టి, డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటా కాదా అని చూసింది. నా ప్రశ్న కంటే ఇది ఇంకా తేలిక, ఆ గీత ప్రకారమే చూసినా మేం ఇటువైపే ఉన్నాం.

వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు, తప్పులూ ఉన్నాయి. ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట అని రాత్రి ఒంటిగంట దాకా లాగేస్తుంది, మర్నాడు మిల్లులో బస్తాల లెక్క తప్పుతుంది. ఒకసారి నలభై బస్తాలు ఎక్కువ రాసేసి ఓనరు గారితో తిట్లు తిన్నాను, మొత్తం రెండోసారి కూడాల్సి వచ్చింది. పిల్లల ఆటల్లో తాళం వేసిన పెట్టె కొనుక్కుని లోపల ఏముందో చూసుకోమనేవి కూడా ఉన్నాయి, అవి నిజంగా గుండాట తమ్ముళ్లే. వాటి మీద మీరు ఎంత రాసినా చదువుతాను.

నేనడిగేది చిన్నదే. సవరణ ఒక్క రెండు లైన్లు వెయ్యండి, అదే పేజీలో. ఎందుకంటే మా వీధి పాలకేంద్రం దగ్గర ఆ పేజీ గోడకి అంటించి ఉంది, పొద్దున్నే క్యాన్‌తో వెళ్లినప్పుడల్లా "ఏవండీ అకౌంటెంట్ గారూ, రాత్రి ఎంత పోయింది?" అని అడుగుతున్నారు. ఆ పైన, వారానికి అరపేజీ సినిమా సమీక్షలకి ఇస్తున్నారు కదా, అందులో బెత్తెడు చోటు ఇలాంటి ఆటలకి ఇచ్చి, ఆడినవాళ్ల చేత రాయించండి. మీకు మనుషులు దొరక్కపోతే మా అమ్మ ఉంది. యోధుణ్ణి ఆవిడే ఆడుతోందిప్పుడు, నన్ను దొంగతో సరిపెట్టుకోమంది. ఎదుటివాడి ఆయుధం ఒకటి ఎత్తుకొచ్చి వాడుకుంటాడు వాడు, ఆవిడకి ఆ పద్ధతి నచ్చలేదట.

ఉంటానండి. ఫోన్ ఆవిడ దగ్గరుంది, రాత్రి తొమ్మిది తర్వాతే నా చేతికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
తణుకు