ఆ నివేదికలో అంకె నేనే వేశాను

సంపాదకుల వారికి, నమస్కారం.

మీ పత్రికలో అమెరికా చదువుల గురించి, ఓపీటీ గురించి, ఉద్యోగాలు దొరక్క పిల్లలు పడే టెన్షన్ గురించి వార్తలు వస్తూనే ఉన్నాయి. అన్నీ చదువుతాను, వాటిలో నేనూ ఉన్నాను కాబట్టి. కానీ ఒక సంగతి ఎక్కడా కనపడలేదు. ఉద్యోగం దొరికేదాకా వీసా నిలబెట్టుకోవడానికి జీతం లేకుండా ఏదో ఒక నాన్‌ప్రాఫిట్‌లో, అంటే లాభం కోసం కాని సేవా సంస్థలో, చేరిపోతాం కదా, అక్కడ మనతో ఏమేం చేయిస్తారో, మనం ఎందుకు నోరు మూసుకుని చేస్తామో ఎవరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

చాలామంది తల్లిదండ్రులకు ఈ నియమాలు సరిగ్గా తెలియవు. ఎఫ్‌1 అనే విద్యార్థి వీసా మీద మాస్టర్స్ పూర్తి చేసినవాళ్లకు 12 నెలలు పనిచేసుకునే అనుమతి ఇస్తారు, అదే ఓపీటీ. స్టెమ్ కోర్సు, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలకు సంబంధించిన కోర్సు చదివినవాళ్లు తర్వాత ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. మొదటి 12 నెలల్లో అన్నీ కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు, ఉంటే స్టేటస్, అంటే అక్కడ ఉండే చట్టబద్ధమైన హోదా, పోతుంది. వారానికి కనీసం 20 గంటలు, చదివిన చదువుకు సంబంధించిన పని చేస్తే ఆ రోజులు ఖాళీ కింద లెక్కకు రావు. జీతం లేని వాలంటీర్ పనైనా సరే, కార్మిక చట్టాలకు లోబడి ఉంటే చాలు. లక్షల అప్పు చేసి వచ్చినవాళ్లకు ఈ దారి ఎంత పెద్ద ఊరటో చెప్పక్కర్లేదు. కానీ వాళ్ల దగ్గర పనిచేస్తున్నామని సంస్థ రాసిచ్చే ఓపీటీ లెటర్ అనే ఒక్క కాగితం మీద మన బతుకు ఆధారపడి ఉంటుంది. ఆ సంగతి వాళ్లకీ తెలుసు.

నేను డేటా అనలిటిక్స్ చదివాను. ఓపీటీ మొదలయ్యాక 63 రోజులు ఖాళీగా గడిచాయి. రాత్రి పడుకునే ముందు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో లెక్కపెట్టుకునేదాన్ని. అప్పుడు శరణార్థి కుటుంబాలకు సరుకులు, బట్టలు, పిల్లలకు ట్యూషన్లు ఇచ్చే ఒక సంస్థ నుంచి డేటా ఇంటర్న్‌గా రమ్మని మెయిల్ వచ్చింది. సంస్థ పేరు, ఊరు రాయను. వీసా కోసమే వెళ్లానంటే అది సగం నిజమే. చదువుకున్న చదువు నలుగురికి పనికొస్తుందని నిజంగా సంతోషపడ్డాను. మొదటి శనివారం నా పని కాకపోయినా సరుకుల దగ్గర నిలబడి బియ్యం, పాలపొడి సంచుల్లో సర్దాను. ఇంటికి ఫోన్ చేసి మా అమ్మతో గంటసేపు అదే చెప్పాను.

నా అసలు పని ఎక్సెల్ షీట్లు. సరుకులకు వచ్చిన ప్రతి కుటుంబం ఒక ఫారం నింపుతుంది, ఇంట్లో ఎంతమంది, పిల్లల వయసులు, ఏ దేశం నుంచి వచ్చారు, అలాంటివి. దాతలకు పంపే నివేదిక కోసం ఏడాదిలో ఎన్ని కుటుంబాలకు సాయం చేశామో అంకె తీయమన్నారు. ఒక కుటుంబం నెలకోసారి చొప్పున 12 సార్లు వస్తే అది ఒక కుటుంబమే కదా. నేను డూప్లికేట్లు తీసేసి అంకె ఇచ్చాను. ప్రోగ్రాం మేనేజర్ చూసి, పోయినేడాది అంకెలో ఇది పావు వంతు కూడా లేదు, ఎక్కడో తప్పు చేశావు అంది. భయపడి మొత్తం మళ్లీ మొదటినుంచి చేశాను. అదే అంకె వచ్చింది. పాత ఫైళ్లు తెరిచి చూస్తే అప్పుడు అర్థమైంది, పోయినేడాదీ అంతకుముందు ఏడాదీ వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త కుటుంబంగా వేసుకుంటూ పోయారు. ఆ మాట చెప్తే ఆవిడ ఏమాత్రం తడబడకుండా, అందరూ అలాగే వేస్తారు, నువ్వు డూప్లికేట్లు తీయకు అంది.

తీయలేదు. వాళ్లు అడిగిన అంకె వేసి ఇచ్చాను. కుటుంబాలు అనే మాట తీసేసి ఇన్నిసార్లు సరుకులు ఇచ్చాం అని రాస్తే అదీ పెద్ద అంకే, పైగా నిజమైన అంకె. అలా రాద్దామని రెండుసార్లు అడిగాను. మాట మారిస్తే పోయినేడాది నివేదిక చదివినవాళ్లు అడుగుతారు అన్నారు. అంటే ఒకసారి చెప్పిన అబద్ధాన్ని కాపాడటానికి ఏటేటా మళ్లీ చెప్పాలన్నమాట.

అంతటితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో.

2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లాక అమెరికా చేరిన అఫ్ఘాన్ కుటుంబాలు మా దగ్గరికి చాలా వచ్చేవి. వాళ్లలో ఒకావిడ చిన్నతనంలో కొన్నేళ్లు పాకిస్తాన్‌లో ఉండటం వల్ల ఉర్దూ బాగా మాట్లాడుతుంది. నాకు హిందీ వచ్చు. ఆఫీసులో ఆవిడతో నేరుగా మాట్లాడగలిగేది నేనొక్కదాన్నే. నన్ను బేటీ అని పిలిచేది. బస్ పాస్ ఎక్కడ తీసుకోవాలి, స్కూలు నుంచి వచ్చిన ఉత్తరంలో ఏముంది, అన్నీ నన్నే అడిగేది. ఆవిడ భర్త ఒక గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాడు, ఒక్కోసారి నిద్రకళ్లతోనే వచ్చి సంచులు మోసుకెళ్లేవాడు.

థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత వచ్చే మంగళవారాన్ని అక్కడ గివింగ్ ట్యూస్‌డే అంటారు. 2012లో మొదలుపెట్టారు. ఏటా ఆ రోజు నుంచి డిసెంబరు 31 దాకా విరాళాల సీజన్. దానికి వేసే కార్డు మీద ఆవిడ ఫొటో కావాలన్నారు. ఫొటో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక ఫారం ఉంటుంది, పూర్తిగా ఇంగ్లీషులో. దాని మీద సంతకం తీసుకురమ్మని నన్ను పంపారు. నువ్వు అడిగితే కాదనదు అన్నారు. ఆ మాట అన్నప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. నేను హిందీలో రెండే ముక్కలు చెప్పాను, మీ ఫొటో తీస్తారు, సంస్థకు పనికొస్తుంది అని. అది ఇంటర్నెట్‌లో పెడతారని, వేలమందికి పోస్టులో వెళ్తుందని, ఫొటో పక్కన ఏం రాసినా ఆవిడ అడ్డు చెప్పడానికి వీలుండదని చెప్పలేదు. ఆ ఫారం నేనే పూర్తిగా చదవలేదు కాబట్టి. ఆవిడ తమ్ముడు ఇంకా అక్కడే, కాబూల్‌లోనే ఉన్నాడని నాకు తెలుసు. అలాంటి ఇంట్లో మనిషి ముఖం బయటికి రావడం ఎంత ప్రమాదమో ఒక్క నిమిషం ఆలోచించినా తెలిసేది.

కార్డు వచ్చింది. భర్తను చంపేస్తే ముగ్గురు పిల్లలతో ఒంటరిగా పారిపోయి వచ్చిన తల్లి అని రాశారు.

ఆవిడ పెద్దమ్మాయి ఏడో క్లాసు. ఇంగ్లీషు ఇంట్లో అందరికంటే బాగా చదువుతుంది. సరుకుల రోజున బల్ల మీద పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుని నా దగ్గరికి వచ్చింది. మా నాన్న చనిపోయాడని ఇందులో ఎందుకు రాశారు అని అడిగింది. వాళ్ల నాన్న బయట కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రింటింగ్‌లో తప్పు పడిందమ్మా అన్నాను. అలా చెప్పమని నాకెవరూ చెప్పలేదు. ఆ అబద్ధం నాదే.

మర్నాడు డైరెక్టర్ గదికి వెళ్లి ఆ కార్డులు ఆపమని అడిగాను. ఆయన కోప్పడలేదు. ఇది ఒక్కావిడ కథ కాదు, ఆవిడలాంటి ఎందరిదో కథ, అంకెలు చూసి ఎవరూ డబ్బివ్వరు అన్నాడు. నేను లేచి తలుపు దాకా వచ్చాక, నీకు ఓపీటీ లెటర్ ఈ నెలాఖరుకు కావాలన్నావు కదా అని అడిగాడు. మామూలు గొంతుతోనే. అది బెదిరింపని ఎవరికీ నిరూపించలేను. కానీ ఆ రోజు తర్వాత ఐదు వారాలు నేను నోరెత్తలేదు.

నాకు తెలిసినంతలో అక్కడ ఎవరూ డబ్బు తినలేదు. సరుకులు నిజంగానే వెళ్లేవి, ట్యూషన్లు నిజంగానే జరిగేవి. గోడౌన్ చూసుకునే పెద్దాయన పాలడబ్బాల మీద తేదీ దాటితే ఒక్కటి కూడా బయటికి పంపనిచ్చేవాడు కాదు. అందుకే నాకు ఇంకా బాధ. నిజం చెప్పినా తలెత్తుకునే పని చేస్తూ అబద్ధం ఎందుకు చెప్పాలి? తర్వాత చదివి తెలుసుకున్నాను, దీనికి విరాళాలిచ్చేవాళ్ల తీరు కూడా కారణమే. అద్దె, జీతాలు, కంప్యూటర్లకు ఎంత తక్కువ ఖర్చుపెడితే అంత మంచి సంస్థ అని అందరూ అనుకోవడంతో, శాతాలు ఒక్కటే చూడటం తప్పని 2013లో అమెరికాలో ఈ సంస్థల వివరాలు, రేటింగ్‌లు ఇచ్చే మూడు సంస్థలే కలిసి దాతలకు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. గ్రాంటులిచ్చేవాళ్లు ఏటా పోయినేడాది కంటే పెద్ద అంకె అడుగుతారు. ఇవన్నీ నిజమే. అయినా బతికున్న మనిషిని చనిపోయాడని రాయడానికి ఇది సాకు కాదు. రెడ్‌క్రాస్, ఇతర సహాయ సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో పదో నియమం సరిగ్గా ఈ విషయమే చెప్తుంది, ప్రచారంలో బాధితులను గౌరవం ఉన్న మనుషులుగా చూపాలి, దిక్కులేనివాళ్లుగా కాదు అని. మా ఆఫీసులో ఆ కాగితం గురించి ఒక్కరు కూడా ఎత్తగా వినలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. మానేసిన రోజే బోర్డు అధ్యక్షురాలికి రెండు లెక్కలూ, ఆ కార్డూ పెట్టి మెయిల్ రాశాను. మీ సేవలకు ధన్యవాదాలు, పరిశీలిస్తాం అని ఒక లైను జవాబు వచ్చింది. కొన్నాళ్లకు వెబ్‌సైట్‌లో ఫొటో తీసేశారు. అంకె అలాగే ఉంది. తర్వాత ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో ఛారిటీల విభాగానికి ఫిర్యాదు చేశాను, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఫిర్యాదు ఫారం 13909 పంపాను. ఐఆర్‌ఎస్ అందిందని మాత్రం చెప్తుంది, తర్వాత ఏం చేసిందో ఫిర్యాదు చేసినవాళ్లకు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. చేతిలో ఉద్యోగం లేకుండా ఈ పనులు చేసేదాన్నా అంటే చేసేదాన్ని కాదు.

ఆవిడ ఇంటికీ వెళ్లాను. కార్డులో ఏముందో, ఆ ఫారంలో ఏముందో మొత్తం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. టీ పెట్టి తెచ్చింది. తర్వాత, కాగితంలో ఏముందో నాకేం తెలుసు బేటీ, నువ్వు అడిగావని పెట్టాను అంది. తమ్ముడికి ఏమీ కాలేదని ఆ తర్వాత ఫోన్ చేసి చెప్పింది, నేను అడగకుండానే.

వాలంటీర్‌గా చేరకండి అని నేను చెప్పను, మంచి సంస్థలు చాలా ఉన్నాయి. కానీ చేరేముందు కొన్ని పనులు చేయండి. పన్ను మినహాయింపు ఉన్న నాన్‌ప్రాఫిట్‌లలో చాలావాటికి ఏటా జమాఖర్చులు చూపే ఫారం 990 దాఖలు చేయక తప్పదు, అడిగినవాళ్లకు మూడేళ్లవి చూపించాలి, ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో కూడా ఉచితంగా దొరుకుతాయి. అందులో సేవలకు ఎంత, ఆఫీసు నిర్వహణకు ఎంత, విరాళాల సేకరణకు ఎంత అని మూడు కాలమ్‌లు ఉంటాయి. తప్పు జరిగితే చెప్పినవాళ్లను కాపాడే రాతపూర్వక విధానం మీ సంస్థలో ఉందా అన్న ప్రశ్న కూడా ఆరో భాగంలో ఉంటుంది. దానికి లేదు అని జవాబిచ్చిన చోట చేరేముందు బాగా ఆలోచించుకోండి. ఓపీటీ లెటర్ నెలాఖరులో ఇస్తామంటే ఒప్పుకోవద్దు. చేరిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏం పని, ఇవన్నీ రాసి మొదటి వారమే సంతకం చేయించుకోండి. గంటలు మీరు విడిగా రాసుకోండి. అప్పుడు ఆ కాగితం ఎవరి సొరుగులోనో కాకుండా మీ చేతిలో ఉంటుంది. స్టెమ్ పొడిగింపులో ఉన్నవాళ్లకు జీతం లేని పని కుదరదు, అలా చేయమన్నవాళ్లు మిమ్మల్ని ప్రమాదంలోకి నెడుతున్నట్టే.

అక్కడ స్థిరపడి పండగలకీ పుట్టినరోజులకీ విరాళాలిచ్చే తెలుగువాళ్లు కూడా ఇది చదువుతారనుకుంటున్నాను. ఎన్ని కుటుంబాలు అని అడిగినప్పుడు, ఒక్కో కుటుంబాన్ని ఒక్కసారే లెక్కేశారా అని కూడా అడగండి. ఫొటోలో ఉన్న మనిషికి ఆ ఫారం తన భాషలో చదివి వినిపించారా అని అడగండి. దాతలు అడిగితే జవాబు చెప్పి తీరతారు, నాలాంటి ఇంటర్న్ అడిగితే కాదు.

ఆగస్టులో ఫాల్ సెమిస్టర్‌కు బయల్దేరే పిల్లలకు అందేలా వీలైతే జులైలో ప్రచురించండి. నా పేరు వేయవద్దు, ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదు.

ఇట్లు,
మీ పాఠకురాలు