‘డిమీనర్’కు ‘ప్రవర్తన’ ఒక్కటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో ఇంగ్లిష్ పదాల శీర్షిక కింద ‘డిమీనర్’ ఇచ్చి, పక్కన ‘ప్రవర్తన’ అని ఒక్క ముక్కలో అర్థం వేశారు. నిఘంటువుల్లోనూ ఆ అర్థం ఉంది కాబట్టి తప్పనలేం. కానీ దాన్నే పట్టుకుని సొంత వాక్యం రాయబోయే పిల్లలు ‘హిజ్ డిమీనర్ ఈజ్ బ్యాడ్, హి టెల్స్ లైస్’ అని రాస్తారు. అక్కడ రావలసిన మాట ‘బిహేవియర్’.

ఈ తేడా ఒక్క సంఘటనతో తెలిసిపోతుంది. అద్దం పగలగొట్టిన కుర్రాడు ‘నేను కాదు’ అని అబద్ధమాడాడు. అబద్ధమాడటం బిహేవియర్. ఆ మాట అంటున్నంతసేపూ నేలచూపులు చూస్తూ, గొంతు తగ్గించి, చొక్కా అంచు నలుపుతూ నిలబడ్డాడే, అదీ డిమీనర్. చూపు, గొంతు, ముఖం, నిలబడే తీరు, చేతుల కదలిక అన్నీ కలిసి ఎదుటివాళ్లకు మనిషి ఎలా కనిపిస్తున్నాడో చెప్పే మాట ఇది. బట్టలు, ఒడ్డూపొడుగూ ఇందులోకి రావు, వాటికి ‘అప్పియరెన్స్’ ఉంది. మనసులో ఉన్నది ‘యాటిట్యూడ్’. కోర్టుల ఇంగ్లిష్‌లో ఈ మాట తరచు వినిపించడానికి కారణం కూడా ఇదే. సాక్షి చెప్పిన మాటలు ఎలాగూ రికార్డవుతాయి. తడబడ్డాడా, నిబ్బరంగా చెప్పాడా అన్నది న్యాయమూర్తి కళ్లారా చూసి తెలుసుకోవలసిందే.

అనుమానం వచ్చినప్పుడు పిల్లలు వాడుకోదగ్గ పరీక్ష ఒకటుంది. ‘లోపల వణుకుతున్నా పైకి నిబ్బరంగా ఉంది’ అన్న వాక్యంలో ఆ ‘పైకి’ దగ్గర పెట్టదగ్గ మాట డిమీనర్. యాటిట్యూడ్ అక్కడ ఇమడదు. ఇంకొకటి: లోహాల బిహేవియర్, ద్రవాల బిహేవియర్ అని సైన్సు పుస్తకాల్లో ఉంటుంది. లోహానికి డిమీనర్ ఉండదు.

మరి తెలుగులో ఏమనాలి? మన వాడుకలో దీనికి బాగా దగ్గరగా వచ్చేది ‘వాలకం’. ‘వాడి వాలకం చూస్తే అప్పుకొచ్చినట్టుంది’ అంటాం. మనిషి ఇంకా నోరు విప్పలేదు, అయినా పైకి కనిపిస్తున్నదాన్ని బట్టి అంచనా కడుతున్నాం. చిక్కల్లా వాలకంలో కాస్త అనుమానమో, చిన్నచూపో ఉంటుంది. డిమీనర్‌లో అది లేదు, మంచీ చెడూ పక్కనున్న విశేషణమే తేల్చాలి. అందుకే ‘కామ్ డిమీనర్’ను ‘ప్రశాంతమైన వాలకం’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఆమె నిబ్బరంగా కనిపించింది’ అంటే చాలు. ఇంగ్లిష్ నామవాచకంతో చెప్పేదాన్ని మనం తరచు ‘గా’ చేర్చి, క్రియతో చెబుతాం. అనువాదం చేసేవాళ్లు ఇది పట్టుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది.

ఈ మాట పుట్టుక కూడా చెప్పండి, పిల్లలు ఇక మరచిపోరు. లాటిన్‌లో అదిలించి పశువుల్ని తోలడం అనే అర్థం ఉన్న క్రియ ఫ్రెంచిలోకి వచ్చి ‘నడిపించడం’ అయింది. అక్కడి నుంచి ఇంగ్లిష్‌లో తనను తాను నడుపుకోవడం, అంటే నడుచుకోవడం అయింది. మన ‘నడత’, ‘నడవడి’ కూడా నడవడం నుంచి పుట్టినవే కదా! ‘మిస్‌డిమీనర్’ అంటే చిన్నపాటి నేరం. అందులో ఆ పాత అర్థం, నడత అన్నదే, ఇప్పటికీ మిగిలి ఉంది. అయితే ఎవరినైనా చిన్నబుచ్చడం అనే అర్థంలో వాడే ‘డిమీన్’ వేరు. అది నీచం అనే అర్థమున్న ‘మీన్’ నుంచి వచ్చింది. చూడటానికి ఒకేలా ఉన్నా ఈ రెంటికీ చుట్టరికం లేదు. డిమీనర్‌లో అవమానం ఉందనుకునే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

పలకడంలో ‘డి-మీ-నర్’ మూడు ముక్కలు, ఒత్తు నడిమి ‘మీ’ మీద. రాతను చూసి ‘డెమెనార్’, ‘డెమనౌర్’ అనేస్తారు. బ్రిటిష్ రాతలో తొమ్మిది అక్షరాలు: డి, ఇ, ఎమ్, ఇ, ఎ, ఎన్, ఓ, యు, ఆర్. అమెరికన్ రాతలో ‘యు’ ఉండదు కాబట్టి ఎనిమిదే. ఏదైనా సరే, ఒకే వ్యాసంలో రెండూ కలపకూడదు. చివర ‘ఇ, ఆర్’ రాయడం మాత్రం రెండు చోట్లా తప్పే.

ఇక వాడకం. ఈ మాట ఒంటరిగా రావడం తక్కువ. కామ్, చియర్‌ఫుల్, స్టర్న్, కోల్డ్, ప్రొఫెషనల్ లాంటి విశేషణంతో కలిపే నేర్చుకోవాలి. ‘గుడ్ డిమీనర్’ చప్పగా ఉంటుంది, సర్టిఫికెట్లలో రాసేది ‘గుడ్ కాండక్ట్’. ఒక మనిషి గురించి చెబుతూ ‘హిజ్ డిమీనర్స్’ అని బహువచనం చేయకూడదు. ‘హి డిమీనర్డ్’ అని క్రియగానూ వాడరు.

గుర్తుండాలంటే అర్థాన్ని పదిసార్లు రాయనక్కర్లేదు. అట్టముక్కకు ఒకవైపు ‘లోపల కంగారుగా ఉన్నా డాక్టరు పైకి నిబ్బరంగా కనిపించాడు’ అని తెలుగు వాక్యం రాసుకుని, రెండోవైపు దాని ఇంగ్లిష్ రాసుకోవాలి. తెలుగు వైపు మాత్రమే చూసి ఇంగ్లిష్‌లో పైకి చెప్పాలి. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి మరోసారి. తడబడితే మళ్లీ మర్నాటి నుంచి మొదలు.

మీ శీర్షికలో ఒక్కో మాటకు ఇప్పుడున్న జాగాకు తోడు మరో మూడు వరుసలు ఇవ్వండి: పలికే తీరు, తరచు జతపడే మాటలు రెండు, దగ్గరి పదంతో తేడా చూపే వాక్యం ఒకటి. జాగా చాలకపోతే రోజుకు ఐదు మాటల బదులు రెండే వేయండి.

ఇట్లు,
ఇంగ్లిష్ బోధించే ఉపాధ్యాయులు