బొట్టు సంగతి అడగకండి, వచ్చి కాసేపు కూర్చోండి

సంపాదకులకు నమస్కారం.

మావారు 2022 నవంబరులో పినాకిని రైలుకు చెన్నై వెళ్తానని కావలి స్టేషన్‌కు బయల్దేరారు. మళ్లీ తిరిగి రాలేదు. ఆ మధ్యాహ్నం నుంచే ఫోన్ స్విచాఫ్. అయినా ఆయన నంబరుకు 28 రోజులకోసారి రీచార్జి చేయిస్తూనే ఉన్నాను. ఎప్పుడైనా ఆన్ చేస్తే ఆ నంబరు పనిచేయాలి కదా. షాపు అబ్బాయి ఇప్పుడు నన్ను చూడగానే ఏమీ అడక్కుండా తనే నంబరు కొడతాడు.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. ఒకసారి గుర్తు తెలియని శవం ఉంది, వచ్చి చూడమన్నారు. చొక్కా అదే రంగు. మనిషి ఆయన కాదు. ‘అమ్మయ్య’ అనుకున్నాను. ఇంటికొచ్చాక, ఆ మనిషి కోసం ఏ ఇంట్లో ఎదురుచూస్తున్నారోనని తెల్లవార్లూ ఏడ్చాను.

చుట్టాల్లో కొందరు తప్పకుండా వస్తాడంటారు. కొందరు ‘ఇంకెన్నాళ్లు ఆ బొట్టూ గాజులూ’ అంటారు. ఏడేళ్లు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని చట్టం. పన్నెండేళ్లు ఆగి దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయాలని పురోహితుడు గారు చెప్పారు. అప్పటిదాకా పిల్లలకు ఏం చెప్పాలి?

నిద్ర పట్టక ఒక రాత్రి, మనసు బాగోలేని వాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. ‘ఉన్నారనీ లేరనీ ఒకే రోజు రెండూ అనిపించడం పిచ్చి కాదమ్మా’ అన్నారు అవతలావిడ. పాలీన్ బాస్ అనే అమెరికా ఆవిడ 1970లలోనే ఈ తేలని దుఃఖానికి ఒక పేరు పెట్టారట. ఆ మాట విన్నాక గుండె కాస్త తేలికైంది. మర్నాడే, నాన్న చెన్నైలో పనిలో ఉన్నారని అబద్ధం చెప్పడం మానేసి, ఎక్కడున్నారో తెలీదని మా పెద్దాడికి చెప్పాను. ‘నాకు ముందే తెలుసమ్మా’ అన్నాడు. తొమ్మిదేళ్ల వాడు.

మిస్సింగ్ ఫిర్యాదు తీసుకునేటప్పుడే ఆ 14416 నంబరు కూడా కాగితం మీద రాసివ్వాలని పోలీసు పెద్దలను కోరుతున్నాను. మాకు దాని గురించి చెప్పినవాళ్లు లేరు.

ఇరుగుపొరుగు వారికీ ఒక మాట. మా పక్కింటి పిన్ని శనివారాలు వచ్చి నాతో పాటు చిక్కుడుకాయలు వలుస్తుంది. ఏమైనా తెలిసిందా అని అడగదు. ‘మీ ఆయనకి పులుసులో మామిడికాయ ముక్కలు ఎక్కువుండాలి కదే’ అంటుంది. ఆయన పేరెత్తడానికి భయపడని మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే.

— ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా