ఆ చివరి స్లైడ్ సంగతి

బుజ్జీ,

వలస వెళ్లినవాళ్ల మీద నువ్వు చేసిన వీడియో ప్రాజెక్టు మొత్తం చూశాను. ఓడ శబ్దం కింద నుంచి ఆ పెద్దావిడ గొంతు మెల్లగా పైకొచ్చే చోటు ఎంత బాగా కుదిరిందో! కానీ చివర్లో మూడు సెకన్లు కనబడి మాయమయ్యే ఆ స్లైడ్ చూసి మాత్రం ఒళ్లు మండింది. "సౌజన్యం: ఇంటర్నెట్" అట. ఎవరే తల్లీ ఈ ఇంటర్నెట్, వాళ్లింటి పేరేంటి?

నువ్వు వాడిన పాత ఫోటో మారిషస్ వెళ్లిన కూలీలది కదా. 1834 నుంచి అక్కడ దిగిన ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసి రిజిస్టర్లలో రాసుకున్నారు, ఆ రిజిస్టర్లూ ఫోటోలూ మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. మనుషుల్ని నంబర్లు చేసేశారని నీ వీడియో అంతా చెబుతూ, నువ్వు ఆ నంబరు కూడా రాయకపోతే ఎలా? పేరు దొరికితే పేరు పెట్టు, దొరక్కపోతే "పేరు తెలియదు" అని పెట్టు, ఫోటో ఏ ఆర్కైవ్‌దో తప్పకుండా రాయి.

గొంతులిచ్చిన వాళ్లని మాత్రం మళ్లీ అడుగు. రికార్డు చేసుకోమన్నారంటే పేరు వేసుకోమన్నట్టు కాదు, కాగితాల టెన్షన్ ఉన్నవాళ్లు, ఇంట్లో తెలియకూడదనుకునేవాళ్లు ఉంటారు.

ఫ్రీసౌండ్ అనే శబ్దాల సైట్లో తీసుకున్న అలల చప్పుడుకి ఏ క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్స్ ఉందో చూశావా? సీసీ జీరో అయితే పేరు వేయకపోయినా తప్పులేదు, సీసీ బై అయితే ఎవరిదో, లింకేంటో, ఏ లైసెన్సో, నువ్వు కత్తిరించావో లేదో చెప్పాల్సిందే. ఎన్‌సీ, అంటే వ్యాపారానికి వాడొద్దు అని ఉంటే, టికెట్ పెట్టి చూపించే షోకి అది వద్దు. మ్యాప్ జనం కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌దైతే "ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్లు" అని కచ్చితంగా ఉండాలి.

బొమ్మల సాఫ్ట్‌వేర్ బ్లెండర్, శబ్దాల సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ వాళ్లు పేరు వేయమని అడగరు, అయినా వేయి, పోయేదేముంది. ఏఐతో రంగులద్దిన ఫోటో దగ్గర మాత్రం ఆ ముక్క ఫోటో కిందే రాయి, చివర్లో కాదు. ఆ చీర ఎరుపు సాఫ్ట్‌వేర్ ఊహ, చూసేవాళ్లు అది నిజమనుకుంటారు.

స్లైడ్‌ని చదివేంత సేపు ఉంచు, పట్టకపోతే గోడ మీద కాగితం అంటించు. లిస్టు తయారయ్యాక నాకు పంపు, స్పెల్లింగులు నేను చూస్తాను.

నాన్న