ఊరు విడవని డ్యూక్

యేనా, జర్మనీ,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ ప్రసాద్,

నీ ఉత్తరం మంగళవారమే అందింది. ఆఫీసు పనితో ఇన్నాళ్లకి కుదిరింది, ఏమనుకోకు. నాన్నగారు తెనాలి ఇల్లు వదిలి హైదరాబాద్ రానంటే రానంటున్నారని, నీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశావు. నీ టెన్షన్ నాకు అర్థమైందిరా. ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే నిన్న ఇక్కడికి దగ్గర్లో ఉన్న వోల్ఫర్స్‌డోర్ఫ్ అనే పల్లెకి వెళ్లాను. అక్కడ చూసిన కోట గురించి, అందులో చివరిదాకా బతికిన ఒక మనిషి గురించి నీకు చెప్పాలనిపించింది. కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

ఆయన పేరు రెండో ఎర్నస్ట్. సాక్స్-ఆల్టెన్‌బుర్గ్ అనే చిన్న రాజ్యానికి ఆఖరి డ్యూక్. 1918 దాకా జర్మనీకంతా కైజర్, అంటే చక్రవర్తి, ఒక్కడే రాజని నేననుకునేవాణ్ణి. కాదట. కైజర్‌తో కలిపి 22 మంది పాలకులు ఉండేవాళ్లు. వాళ్లలో ఈయనది బాగా చిన్న రాజ్యం, ఉన్న జనం రెండు లక్షల పైచిలుకు. పోనీ ఆ కాస్త నేలైనా ఒక్కచోట ఉందా అంటే అదీ లేదు. తూర్పున ఆల్టెన్‌బుర్గ్ ముక్క, పడమర ఐసెన్‌బెర్గ్, కాలా ఊళ్లున్న ముక్క, మధ్యలో ఇంకో రాజుగారి నేల. తన రాజ్యంలో ఈ సగం నుంచి ఆ సగానికి పోవాలంటే పొరుగు రాజ్యం దాటాల్సిందే!

1871లో పుట్టాడు. పెదనాన్న వరసయ్యే మొదటి ఎర్నస్ట్‌కి కొడుకులు మిగల్లేదు, అందుకని 1908లో సింహాసనం ఈయనకొచ్చింది. అప్పటికే పెళ్లై నలుగురు పిల్లలు. అందరిలాగే సైన్యంలో పెరిగినవాడే కానీ, మనసు మాత్రం సైన్సు మీద ఉండేది. ధ్రువ ప్రాంతాలంటే మరీ ఇష్టం. 1912లో ఉత్తరాన స్పిట్స్‌బెర్గెన్ దీవులకి ఒక జర్మన్ బృందం బయల్దేరితే, ఆ ఓడకి పెట్టిన పేరు 'హెర్జోగ్ ఎర్నస్ట్', అంటే ఎర్నస్ట్ డ్యూక్ అని. ఆ కథ విషాదంరా. ఓడ మంచులో చిక్కుకుపోయింది. నాయకుడు ష్రోడర్-ష్ట్రాంజ్ మంచులోకి వెళ్లి మళ్లీ కనిపించలేదు. కెప్టెన్ ఆల్ఫ్రెడ్ రిచర్ మాత్రం డిసెంబర్ చీకట్లో, అక్కడ నెలల తరబడి పొద్దు పొడవదు కదా, పాదాలు గడ్డకట్టి దెబ్బతింటున్నా నడిచి నడిచి, చివరికి ఒంటరిగా జనం ఉన్న చోటికి చేరి సాయం అడిగాడు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. తన పేరున్న ఓడకి అలా అయిందని తెలిసినప్పుడు ఆ డ్యూక్ ఎంత నలిగిపోయి ఉంటాడో!

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం, ఆయనా వెళ్లాడు. 1918 నవంబర్ 9న కైజర్ దిగిపోయాడు, నాలుగు రోజులకి 13న ఈయనా గద్దె దిగాడు. 1920లో రాజ్యం థురింగియా అనే రాష్ట్రంలో కలిసిపోయింది, భార్యతో విడాకులూ ఆ ఏడాదే. రెండేళ్లు తిరక్కుండా సింహాసనం పోయింది, సంసారం పోయింది.

ఇక కోట సంగతి. దాని పేరు 'ఫ్రోలిషె వీడర్‌కున్‌ఫ్ట్'. మన మాటల్లో చెప్పాలంటే సంతోషంగా తిరిగి రావడం. 1547లో మ్యూల్‌బెర్గ్ యుద్ధంలో ఓడి ఖైదైన యోహాన్ ఫ్రీడ్రిక్ అనే పాలకుడు, ఐదేళ్ల తర్వాత విడుదలై వచ్చి భార్యాపిల్లల్ని ఇక్కడే కలుసుకున్నాడట. ఆ పేరు అప్పుడొచ్చింది. ఎర్నస్ట్‌దీ అదే వంశం. చుట్టూ కందకం నిండా పచ్చటి నీళ్లు, వాటిలో గోపురం నీడ, వెనకంతా అడవి. నిన్న సన్నటి జల్లు పడుతోంది. చినుకు పడ్డప్పుడల్లా నీళ్లలోని గోపురం చెదిరిపోతోంది, జల్లు ఆగగానే మళ్లీ నిలబడుతోంది. వంతెన మీద చాలాసేపు ఉండిపోయాను.

అన్నీ పోయాక ఎర్నస్ట్ ఈ కోటకే చేరి, 1922లో ఇక్కడే నక్షత్రాలు చూసే వేధశాల కట్టించుకున్నాడు. మంచి టెలిస్కోపు పెట్టించి, ఖగోళం చదివినవాణ్ణి జీతమిచ్చి పెట్టుకున్నాడు. ఈ భాగమే నాకు బాగా నచ్చింది. ఏడుస్తూ కూర్చోకుండా ఇష్టమైన పనిలో పడ్డాడు చూడు. 1934లో ఒక ఒపెరా గాయనిని పెళ్లి చేసుకున్నాడు.

అంతా మంచే రాస్తే నీకు అబద్ధం చెప్పినట్టే. 1937లో నాజీ పార్టీలో చేరాడు. ఆకాశం మీద అంత ధ్యాస ఉన్న మనిషి, కింద తన నేల మీద జరుగుతున్నది చూసి కూడా ఆ కార్డు తీసుకున్నాడు. అది నేను క్షమించలేనురా, క్షమించమని నిన్నూ అడగను.

1945లో థురింగియాకి ముందు అమెరికన్లు వచ్చారు, జూలైలో ఖాళీ చేసి రష్యన్లకి అప్పగించారు. జమీందార్లు, దొరలు దొరికిన బండెక్కి పడమటికి పారిపోయారు. ఈయనకి అప్పుడు 73 ఏళ్లు. కదల్లేదు. ఆస్తి తీసేసుకున్నారు గానీ, బతికున్నంత కాలం కోటలో ఉండనిచ్చారు. 1949లో తూర్పు జర్మనీ ఏర్పడితే ఆ దేశ పౌరుడయ్యాడు. రాజ్యమేలినవాళ్లలో కమ్యూనిస్టు జర్మనీ పౌరుడైనవాడు ఈయన ఒక్కడే. 1955 మార్చి 22న ఆ కోటలోనే కన్నుమూశాడు. 1918లో గద్దె దిగిన జర్మన్ పాలకుల్లో అప్పటికి మిగిలింది ఈయనొక్కడే.

నాన్నగారికి నచ్చజెప్పమని అడిగావు కదా. నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. నాకు నోరు రావడం లేదురా. ఆ వంతెన మీద నిలబడి వచ్చాక "ఇల్లు వదిలి రండి" అని ఆయనకి ఫోన్ చేయలేను. పగలు తోడుగా ఎవరినైనా పెట్టు, నెలకి రెండుసార్లు నువ్వు వెళ్లు. మెట్లకి పట్టుకోవడానికి రెయిలింగ్ పెట్టించు, ఖర్చులో సగం నాది.

అన్నట్టు, ఆల్టెన్‌బుర్గ్ పేకముక్కలకి పేరున్న ఊరు. 'స్కాట్' అనే ఆట రెండు వందల ఏళ్ల కిందట అక్కడే పుట్టింది. 32 ముక్కలు, ముగ్గురు ఆడతారు. నాన్నగారి కోసం ఒక పెట్టె కొన్నాను, రేపు పార్సిల్ చేస్తాను. ఆయన రమ్మీ లెక్కలన్నీ ఇందులో పనికిరావని ముందే చెప్పు. ఇందులో మామూలుగా జాకీలు నాలుగూ తురుపులే, పది కూడా రాజు కంటే పెద్దది. సంక్రాంతికి వస్తాను కదా, అరుగు మీద మనం ముగ్గురం కూర్చుని ఆడదాం.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీను