500 జోలికి పోనన్నావుగా, అందుకే ఈ ఉత్తరం

చిట్టీ,

కయాక్ పడవ పందేల్లో 200 మీటర్లలో టైమ్ బాగా వస్తోంది, ఇక 500 జోలికి పోనని రాశావు. తొందరపడకు. ముందు లీసా క్యారింగ్టన్ సంగతి చూడు.

న్యూజీలాండ్‌లో ఓహోపె అనే సముద్రపొడ్డు ఊళ్లో పెరిగిన మావోరీ అమ్మాయి. సర్ఫ్ లైఫ్‌సేవింగ్, అంటే సముద్రంలో మునిగేవాళ్లను కాపాడే నేర్పు పోటీల నుంచి కయాక్‌లోకి వచ్చింది. ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలని అందరూ లెక్క చెబుతారు. నువ్వు అందులో కె1, అంటే ఒక్కరే తెడ్డు వేసే బోటులో, 500 మీటర్ల వరుసను మాత్రం విడిగా తీసి చూడు. 2015లో మిలన్‌లో ప్రపంచ ఛాంపియన్, అయినా ఆ మరుసటేడు రియోలో కాంస్యమే. టోక్యోలో స్వర్ణం. 2024 పారిస్‌లో మళ్లీ స్వర్ణం, 1 నిమిషం 47.36 సెకన్లలో. 2012 లండన్‌లోనూ రియోలోనూ 500 గెలిచింది హంగరీకి చెందిన డనుటా కొజాక్. ఆ ఏళ్లన్నిటా 200లో మాత్రం ఒలింపిక్స్ స్వర్ణం క్యారింగ్టన్‌దే. హాయిగా దాన్నే పట్టుకుని కూర్చోవచ్చు కదా! కూర్చుని ఉంటే, టోక్యో తర్వాత ఆడవాళ్ల కె1 200ను ఒలింపిక్స్‌లోంచి తీసేసినప్పుడు చేతిలో ఏమీ మిగిలేది కాదు. పారిస్‌లో ఆమె గెలిచిన కె1, కె2 (ఇద్దరి బోటు), కె4 (నలుగురి బోటు) మూడూ 500 మీటర్లవే.

ఇక నీ సంగతి. నువ్వు పంపిన వీడియోలో 300 దాటాక తెడ్డు రెక్క తుంటి దాటి వెనక్కి పోయాక పైకి లేస్తోంది. అక్కడ అది బోటును ముందుకు నెట్టదు, నీళ్లను పైకి ఎత్తుతుంది. దాంతో బోటు వెనక భాగం దిగుతుంది, ముక్కు ఊగుతుంది, అవతలి వైపు తెడ్డు వేయడం ఆలస్యమవుతుంది. ఊపిరి చాలక అలా అవుతోందని నువ్వనుకుంటావు. కాదు, నడుము తిరగడం ఆగిపోయి ఆ పని చేతుల మీద పడుతోంది. రెక్క కాలివేళ్ల దగ్గర దిగాలి, పూర్తిగా మునిగాకే బలం పెట్టాలి, తుంటి దగ్గరికి రాగానే బయటికి రావాలి. గరిటెలా వంగిన ఈ రెక్కను బోటు అంచు వెంబడే లాగితే నీళ్లు జారిపోతాయి. నడుము తిరిగితే అది దానంతటదే పక్కకు, బోటుకు దూరంగా పోతుంది. పోనివ్వు.

నడుము తిరగాలంటే కాళ్లు పనిచేయాలి. కుడివైపు తెడ్డు వేసినప్పుడు కుడి పాదం ఫుట్‌రెస్ట్‌ను తన్నాలి, ఎడమ మోకాలు పైకి రావాలి, ఎడమ పాదం పట్టీని లాగాలి. ఫుట్‌రెస్ట్ దూరమైతే కాళ్లు చాచుకుపోయి తన్నడానికేమీ మిగలదు. దగ్గరైతే మోకాళ్లు చేతులకు అడ్డం. ఒక్కో గాడి చొప్పునే జరుపు. ఫుట్‌రెస్టూ తెడ్డు పొడవూ ఒకే రోజు మార్చకు, తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

పరుగు నడిపే తీరు కూడా 200లా కాదు. మొదటి ఐదారు తెడ్లు పొట్టిగా, లోతుగా, వెనక్కి వాలకుండా వెయ్యి. పది పదిహేను సెకన్లు గట్టిగా పోయాక, నిమిషానికి తెడ్ల సంఖ్య కావాలనే కొంచెం తగ్గించి ఒక్కో తెడ్డునూ పొడవు చెయ్యి. ఇది చేయని వాళ్లంతా 350 దగ్గర దొరికిపోతారు. సాధనకు నాలుగు 250లు చాలు, మధ్యలో నాలుగు నిమిషాల విశ్రాంతి. మొదటి రెండింటి టైమ్ నాకు అక్కర్లేదు, చివరి రెండూ రాయి.

టోక్యోలో క్యారింగ్టన్ కె1 200, కె2 500 ఫైనల్స్ రెండూ ఒకే రోజు గెలిచింది. రెండో దానికి జోడీ కేట్లిన్ రీగల్. నీకూ మీట్‌లో అలాంటి రోజు వస్తుంది. ఫైనల్ అయ్యాక గట్టున కూలబడకు. పది నిమిషాలు తేలిగ్గా తెడ్డు వెయ్యి, తడి బట్టలు మార్చు, అరటిపండో అన్నమో కొంచెం తిను.

కొత్త బోటును తూకం వేయించు. కె1 కనీసం 12 కిలోలుండాలి, రేసయ్యాక తూకంలో తగ్గితే గెలిచినా పేరు కొట్టేస్తారు. బరువు చాలకపోతే సీసపు ముక్కను సీటు కింద కదలకుండా బిగించు, వదులుగా పడేస్తే ఒప్పుకోరు. చెరువులో గుర్రపుడెక్క ఉంటే స్టార్ట్‌కు వెళ్లే దారిలో రెండు తెడ్లు వెనక్కి వేసి చూసుకో, చుక్కానికి చుట్టుకున్న తీగ ఊడుతుంది. చుక్కానికి అది పట్టుకుంటే బోటు బరువెక్కినట్టుంటుంది, నువ్వేమో ఒంట్లో బాగాలేదనుకుంటావు.

ఈసారి వీడియో స్టార్ట్ దగ్గర తీయించకు. 300 నుంచి 450 వరకు, గట్టు మీంచి, పక్కనుంచి తీయించి పంపు.

అమ్మ