ఒక్కొక్క స్వరంగా వాయించినవాడు

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నీ గొంతు విని మనసు అదోలా అయిపోయింది. "గిటార్ మీద నా వేళ్ళు పరిగెత్తడం లేదు నాన్నా, అందరూ నాకంటే ముందున్నారు" అన్నావు. అప్పుడు నాకేమీ తోచలేదు. రాత్రి జాజ్ విద్వాంసుడు గ్రాంట్ గ్రీన్ గిటార్ వింటుంటే నువ్వే గుర్తొచ్చావు.

ఆయన 1935లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. శాక్సఫోన్ విద్వాంసుడు లూ డొనాల్డ్‌సన్ అక్కడ ఆయన వాయిద్యం విని న్యూయార్క్‌కు దారి చూపించాడు. బ్లూ నోట్ కంపెనీ 1960ల మొదట్లో ఆయన చేత వరసగా రికార్డులు చేయించింది. అయినా జాజ్ గిటార్ అనగానే అందరూ వెస్ మాంట్‌గోమరీ పేరే చెబుతారు. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ గ్రీన్‌ను ఆయన వెనక నిలబెట్టడం నాకెప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటే కార్డ్స్ జోలికి గ్రీన్ పెద్దగా వెళ్ళడు. ఒక్కొక్క స్వరమే, విడివిడిగా, గింజ గింజగా. చార్లీ పార్కర్‌లాంటి శాక్సఫోన్ వాళ్ళను విని నేర్చుకున్నాడు మరి! అందుకే ఊపిరి పీల్చుకోవడానికన్నట్టు మధ్యమధ్య ఆగుతాడు. ఒక్కోసారి చిన్న ముక్క పట్టుకుని మళ్ళీ మళ్ళీ అదే వాయిస్తాడు. ఎప్పుడు వదులుతాడా అని మనం బిగబట్టుకుని కూర్చోవాలి.

1963 నవంబరులో 'ఐడిల్ మూమెంట్స్' అనే బాణీ రికార్డు చేస్తుంటే లెక్క తప్పి, ఒక్కొక్కరూ అనుకున్నదానికి రెట్టింపు వాయించేశారు. అది పదిహేను నిమిషాల దాకా సాగింది. రికార్డులో చోటు చాలదు. అయినా దాన్ని కత్తిరించడానికి మనసొప్పక, తక్కినవాటిలో రెండింటిని మళ్ళీ పొట్టిగా వాయించి సర్దారు! ఎక్కడా తొందర లేని ఆ వాయిద్యం నేనెన్నిసార్లు విన్నానో.

1964లో పియానో వాయించే మెకాయ్ టైనర్, డ్రమ్స్ వాయించే ఎల్విన్ జోన్స్‌లతో కలిసి వాయించినవైతే ఏళ్ళ తరబడి కంపెనీ బీరువాలోనే ఉండిపోయాయి. అవి బయటికొచ్చింది 1979లో. ఆ జనవరిలోనే ఆయన గుండెపోటుతో పోయాడు. అప్పటికి నలభై మూడేళ్ళు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. తర్వాత పన్నెండేళ్ళకు ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్‌హాప్ బృందం ఆయన వాయిద్యంలోంచి ఒక ముక్క తీసుకుని తమ పాటకు ఆధారం చేసుకుంది. ఆయన పేరైనా తెలియని పిల్లలు ఆ గిటార్‌కు తలలూపారు.

ఈ వారం ఒకరోజు గిటార్ పక్కన పెట్టి, దీపం ఆర్పేసి, ఆ పదిహేను నిమిషాలూ విను. ఆదివారం ఫోన్ చేసినప్పుడు, ఆయన ఆగిన చోట్లలో నీకేది నచ్చిందో చెప్పు. నాకు నచ్చినదేదో నేనూ చెబుతాను.

ప్రేమతో,
నాన్న